తమిళంలో నా మొదటి సాక్ష్యం

ఆ రోజుల్లో మాదాపూర్ బస్సెక్కితే దారి పొడుగునా రాళ్లూ గుట్టలే. వాటి మధ్య కొత్తగా లేచిన అద్దాల భవనాన్ని మేకలు కూడా ఆగి చూసేవి. దానికి కొంచెం అవతల, ఒక చిన్న కంప్యూటర్ ఆఫీసులో నా మొదటి ఉద్యోగం. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తేదీ మర్చిపోతాయని అందరూ కంగారుపడుతున్న కాలం. సరిగ్గా అప్పుడే నేను మా మేనేజరు దగ్గరికెళ్లి, మా చందానగర్ చర్చివాళ్లతో సువార్త పనికి శ్రీలంక వెళ్తానని సెలవడిగాను. "ఏందమ్మా, గిప్పుడేనా? జర ఆగరాదు" అన్నాడాయన. "ఇవ్వకపోతే రాజీనామా చేస్తాను సార్" అన్నాను. (రాజీనామా ఎలా రాస్తారో కూడా నాకప్పుడు తెలియదు.) ఆయన తన కంప్యూటరు వైపు చెయ్యి చూపి, "సరే పో తల్లీ. ఈ ప్రోగ్రాం నడుస్తలేదు, దీని కోసం గూడ ప్రార్థన చెయ్యి" అన్నాడు.

మేం వెళ్లేది కొండల మీది టీ తోటలకి. అక్కడి కూలీలది తమిళం. దేవుడు మన జీవితంలో ఏం చేశాడో ఒక్కొక్కరం లేచి సాక్ష్యం చెప్పాలి. మద్రాసులో చదువుకున్న మా పాస్టరుగారు అందరి మాటలూ తమిళంలోకి మారుస్తానన్నారు. నేను మాత్రం ససేమిరా అన్నాను. నా సాక్ష్యం నా నోటితోనే, వాళ్ల భాషలోనే చెప్పాలని పట్టుబట్టాను. ఆఫీసులో పక్క సీటు మద్రాసు అక్కను పట్టుకుని మధ్యాహ్నం అన్నాల దగ్గర రోజూ పాఠం చెప్పించుకున్నాను. పాపం ఆవిడ పెరుగన్నం ఏనాడూ ప్రశాంతంగా తినలేదు. ఒక్క 'అవసరం' అనే మాట మాత్రం ఆవిణ్ణి అడగలేదు. మద్రాసు అక్క ఫోనులో ఆ మాట అంటుంటే చాలాసార్లు విన్నాను, ఇక అడిగేదేముంది?

టీ తోటలో రేకుల కప్పు చర్చి. బెంచీల నిండా ఆడవాళ్లు, ఒళ్లో పిల్లలు. నేను లేచి నిలబడ్డాను. 'నాకు చాలా అవసరం ఏర్పడినప్పుడు దేవుడు ఆదుకున్నాడు' అని మొదలుపెట్టాలి. "ఎనక్కు రొంబ అవసరం" అన్నాను. అంతే, అంతమందిని చూసి తర్వాతి మాట మర్చిపోయాను. చెమటలు పట్టాయి. రెండు చేతులూ కడుపుకి అదుముకుని మళ్లీ అన్నాను, ఈసారి కాస్త ఏడుపు గొంతుతో, "ఎనక్కు రొంబ అవసరం."

ముందు బెంచీలో కూర్చున్న అక్కడి పాస్టరమ్మగారు చటుక్కున లేచి నా చెయ్యి పట్టుకుంది. ప్రార్థన చేస్తుందేమో అని కళ్లు మూసుకున్నాను. ఆవిడ నన్ను గబగబా బయటికి నడిపించి, పెరట్లో ఒక తలుపు తీసి, నీళ్ల చెంబు చేతికిచ్చింది.

చెంబుతో నేనలా నిలబడి ఉండగానే మా పాస్టరుగారు వచ్చారు, నవ్వు ఆపుకోలేక కండువా నోటికడ్డం పెట్టుకుని. "అమ్మాయ్, తమిళంలో అవసరమంటే తొందరమ్మా. నీకు చాలా తొందరగా ఉందన్నావు వాళ్లతో."

"మరి అవసరాన్ని ఏమనాలండీ?"

"తేవై అనాలి. పోనీలే, నువ్వు కూర్చో, మిగతాది నేను చెప్తాను."

"వద్దండీ, నేనే చెప్తాను."

చెంబు కింద పెట్టి తిరిగి లోపలికి నడిచాను. నన్ను చూసి అందరూ ఊరటగా తలలూపారు. (అంత చప్పున వచ్చేసినందుకు కొందరు ఆశ్చర్యపోయారు కూడా.) "తేవై, తేవై" అనుకుంటూ మొదటి నుంచీ మొదలుపెట్టి, తప్పులతోనే చివరిదాకా చెప్పాను. వాళ్లు నవ్వారు, విన్నారు. ముగించాక ఒక ముసలవ్వ వచ్చి, టీ ఆకు మరకలున్న చేతులు నా తల మీద పెట్టి చాలాసేపు ప్రార్థించింది. అందులో నా పేరు తప్ప నాకేమీ అర్థం కాలేదు. ఆ తర్వాత ఏ ఇంటికెళ్లినా మాత్రం కుర్చీ వేసే ముందే పెరటి తలుపు చూపించేవారు.

ఇప్పుడు నాకు తమిళం బాగానే వచ్చు. అయినా చర్చిలో నాలుగు మాటలు చెప్పమ్మా అంటే గొంతు బాగాలేదండీ అని తప్పించుకుంటున్నాను. అప్పుడల్లా చెంబు కింద పెట్టి లోపలికి నడిచిన ఆ పిల్ల గుర్తొస్తుంది. నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా కలుగుతుంది.