నచ్చని ఓడ మనుషులు

మొన్న ఒక పెళ్లివారింటి వెనక, కట్టెల పొయ్యి మీద ఉడుకుతున్న పప్పు పొగవాసన తగలగానే సరోజన టీచర్ గుర్తొచ్చారు. గూడూరు బడిలో మాకు సాంఘికశాస్త్రం చెప్పేవారు. ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలై బళ్లు మూతపడ్డ రోజుల్లో ఆమె మమ్మల్ని ఇళ్లల్లో కూర్చోనివ్వలేదు. రోడ్డు పక్కన దీక్షా శిబిరంలో, టెంటు కింద ఒక మూల కూర్చోబెట్టి, రోజూ కొంత చొప్పున ఒక పుస్తకం చదివి వినిపించేవారు. మంచు సముద్రంలో ఓడ ఇరుక్కుపోతే నెలల తరబడి అవస్థపడి ప్రాణాలతో బయటపడ్డ నావికుల కథ. నిజంగా జరిగిందే. అయిపోయాక దాని గురించి అందరికన్నా బాగా మాట్లాడిన ఒక్కరిని జనగామలో జరిగే ఉద్యమ సభకు తీసుకెళ్లి మైకు ముందు నిలబెడతానన్నారు. నేనేమో పక్క పట్నం మానుకోట దాటి ఎరగనిదాన్ని. టీచరమ్మ వెంట అయితే పొమ్మని మా బాపు కూడా ఒప్పుకున్నాడు. ప్రతి పరీక్షలో మొదటి స్థానం నాదే కనుక ఆ మైకూ నాదేననుకున్నాను.

"నాకు నచ్చలే టీచర్" అన్నాను నా వంతు రాగానే, మహా తెలివిగా మాట్లాడుతున్నాననుకుని. "యాడోళ్లో ఏమో. సావుకు ఎదురువోయిండ్రు. ఒక్కడన్న ఇంటికాడ పిల్లలేం తింటున్నరో అనుకోడు. గసొంటోళ్లు మనకెట్ల అర్థమైతరు?"

నా తర్వాత శాంతి లేచింది. తండా పిల్ల. ఇంట్లో వాళ్ల భాష వేరు, తెలుగు తడుముకుంటూ మాట్లాడేది. "మిరపకాయ ఏరవోయినప్పుడు మా ట్రాక్టర్ వాగుల దిగవడ్డది టీచర్. రెండు దినాలు గాడనే. మా నాయిన గంజి అందరికి ఒక్కతీరుగ పోసిండు. గా ఓడ పెద్దమనిషి గూడ గంతే గదా" అంది.

టీచర్ పుస్తకం మూసి ఆమె వైపే చూస్తూ ఉండిపోయారు. నాకు ఒళ్లు మండింది. నాకు అంతుపట్టని మనుషులు దీనికి చుట్టాలెట్లా అయ్యారు? జనగామకు శాంతే వస్తుందని ఆ సాయంత్రమే చెప్పేశారు.

మర్నాడు వంటావార్పు. రాకపోకలు ఆపి, నడిరోడ్డు మీదే వండుకుని, బంతిలో కూర్చుని తినడం అప్పటి నిరసన. పప్పు వడ్డించమని టీచర్ గరిటె నా చేతికిచ్చారు. శాంతి దగ్గరికొచ్చేసరికి పైపై నీళ్లు మాత్రం పోసి ముందుకు జరిగాను. పక్కనే కూర్చున్న టీచర్ తన విస్తరి శాంతి ముందుకు జరిపి, శాంతి విస్తరి తాను తీసుకుని తిన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా కుళ్లు తగ్గలేదు.

గిన్నెలు కడిగేటప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"పుస్తకం నచ్చకపోవుడు తప్పు గాదు బిడ్డా. నిజంగ ఎందుకు నచ్చలే?"

"వాళ్లు యాడికి పోబుద్ధయితే గాడికి పోయిండ్రు టీచర్. ఎవ్వలను అడగలే" అన్నాను గిన్నె అడుగు తోముతూ. "శాంతి గూడ ఊర్లు తిరుగుతది. నేనే యాడికి పోలే."

"శాంతి పోయేది కూలికి. గది మర్వకు" అన్నారు ముందు. కడిగిన గిన్నె బోర్లించి, "గీ మాట నిన్న చెప్తే నిన్నే తీస్కపోదును" అన్నారు.

ఇప్పుడు నేను పత్రికలకు పుస్తక సమీక్షలు రాస్తుంటాను. 'ఇందులోని మనుషులు పరాయివాళ్లలా అనిపించారు' అని రాయబోయినప్పుడల్లా ఆగి, వాళ్లకుండి నాకు లేనిదేమిటో వెతుక్కుంటాను. చాలాసార్లు దొరుకుతుంది. శాంతి జనగామలో ఏం మాట్లాడిందో మాత్రం ఇన్నేళ్లలో ఎవరినీ అడగలేదు. బాగా మాట్లాడిందంటారేమోనని.