అక్క వంపు, చెల్లి చదును

కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసి రిటైరైన పెద్దమ్మకు రెండు విషయాల మీద గట్టి నమ్మకం. ఒకటి, ఎవరి కళ్ళకు తగ్గ అద్దాలు వాళ్ళకే సరిపోతాయని. రెండు, తన ఎలక్ట్రిక్ గిటారును చెల్లెలు పాడుచేసిందని. రెండోది ఆవిడ ఎన్నిసార్లు చెప్పిందంటే, నోరు తెరవగానే ఇంట్లోవాళ్ళు తలో పని గుర్తొచ్చినట్టు లేచిపోయేవాళ్ళు.

నిజానికి గిటారు ఇద్దరిదీ. వడ్రంగి పని చేసే నాన్న, ఎవరో వదిలించుకుంటున్న పాత గిటారును తెచ్చి ఇద్దరు కూతుళ్ళ మధ్యా పెట్టాడు. ఆ పూటతో ఆయన మనశ్శాంతి కాస్తా గంగలో కలిసింది.

గిటారు మెడ మీద వేళ్ళు నొక్కే పలక అడ్డంగా కొంచెం గుండ్రంగా ఉండేది. అక్క వాయించేది కార్డ్స్, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించడం, అదీ గిటారు తల దగ్గరే. మెడ చుట్టూ చెయ్యి వేస్తే చూపుడువేలు ఆ వంపు మీద హాయిగా వాలి, తీగలన్నిటినీ ఒక్కసారే నొక్కేసేది. పగలంతా అద్దాలు తుడిచిన వేళ్ళకు అదే విశ్రాంతి.

చెల్లెలి దారి వేరు. గిటారు పొట్ట దగ్గరికి పోయి, సన్నటి తీగను పక్కకు లాగి సాగదీసి ఏడిపించడం ఆమె సరదా. గుండ్రటి పలక మీద అలా లాగితే తీగ పలక నడుమ ఎత్తుకు తగిలి, పీక పట్టుకున్నట్టు టక్కున ఆగిపోయేది. ఆగకూడదంటే తీగల్ని పైకెత్తాలి. ఎత్తితే అక్క వేళ్ళు బొబ్బలెక్కుతాయి.

అందుకని చెల్లెలు తన వంతు రాగానే స్క్రూలు తిప్పి తీగల్ని ఎత్తేది, అక్క తన వంతు రాగానే దించేది. ఇద్దరూ నాన్న దగ్గరికే పంచాయితీకి వచ్చేవాళ్ళు. "కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నా జోలికి రాకండర్రా," అని ఆయన చిత్రిక పట్టుకుని పెరట్లోకి జారుకునేవాడు. ఎంత బాగుండేవి ఆ సాయంత్రాలు! పోట్లాడుకోవడానికి మనిషి ఉండటం ఎంత భాగ్యమో అప్పుడు తెలియదు కదా.

ఒకసారి అక్క దుకాణం పని మీద కొన్నాళ్ళు వేరే ఊరు వెళ్ళొచ్చేసరికి, చెల్లెలు పొట్ట వైపు ఫ్రెట్లు, అంటే పలక మీద అడ్డంగా దిగేసిన సన్నటి లోహపు కమ్మీలు, పీకి, నాన్న పనిముట్లలోని గరుకు కాగితంతో తనే పలకను చదునుగా రుద్ది, ఫ్రెట్లు మళ్ళీ బిగించేసింది.

"అక్కా, ఇప్పుడు ఆగట్లేదే! ఒక్కసారి లాగి చూడు!"

అక్క చూడలేదు. ఒంటికాలి మీద లేచింది. "గీకేశావు సరే, ఊడిన చెక్క మళ్ళీ అతికించగలవా? నువ్వే ఉంచుకో!"

"ఇద్దరిదీ కదే," అంది చెల్లెలు చిన్నగా.

తర్వాత పెళ్ళిళ్ళయ్యాయి. చెల్లెలు పట్టుకుపోలేదు, గిటారు అక్క దగ్గరే ఉండిపోయింది. చెల్లెలు వచ్చినప్పుడల్లా దాన్ని ఒళ్ళోకి తీసుకునేది, అక్కకు వెంటనే వంటింట్లో పని తగిలేది. చెల్లెలు వెళ్ళాక మాత్రం అక్క తన చోట తన కార్డ్స్ ఎప్పటిలాగే వాయించుకునేది. ఏనాడూ వేలు నొప్పి పుట్టలేదు. ఎందుకు పుట్టలేదని ఏనాడూ ఆలోచించలేదు.

పోయిన ఏడు చెల్లెలు జబ్బుచేసి పోయింది. మొన్న ఆమె కూతురు వచ్చి, "పెద్దమ్మా, ఆ గిటారు మీద నేర్చుకోనా?" అంది. ఫ్రెట్లు అరిగిపోయాయి గనక ఇద్దరూ బాగుచేయించడానికి తీసుకెళ్ళారు.

"పలకంతా ఒకే వంపుకు తెచ్చి కొత్త ఫ్రెట్లు వేస్తాను. ఎలా కావాలి?" అన్నాడు బాగుచేసే ఆయన.

"మొదట్లో ఉన్నట్టు గుండ్రంగా," అంది పెద్దమ్మ తడుముకోకుండా. ఇన్నాళ్ళకు న్యాయం జరగబోతోంది మరి.

ఆయన వంపులు కొలిచే రేకును తల దగ్గర పెట్టి, మెల్లగా పొట్ట వైపు జరిపాడు. మళ్ళీ వెనక్కి తెచ్చాడు. "ఎవరు చేశారో గానీ ఓపికమంతులండీ. తల దగ్గర అసలు ముట్టుకోలేదు. ఇక్కణ్ణుంచి కొంచెం కొంచెంగా చదును చేసుకుంటూ పోయారు. కార్డ్స్ వాయించే చెయ్యి ఎవరిదో ఉందన్నమాట ఇంట్లో."

ఎదుటివాళ్ళ చూపు సరిచేస్తూ బతికిన మనిషి తన ఒళ్ళోది చూసుకోలేదు. నా చోటు నాకు వదిలేసి తన చోటే చదును చేసుకుంది పిచ్చిది, అనుకుంది పెద్దమ్మ.

"గుండ్రంగా చేసెయ్యమంటారా మరి?"

"వద్దు. వంపు ఎక్కడెలా ఉందో అక్కడలాగే ఉంచి ఫ్రెట్లు వెయ్యండి."

"ఒక్కోటీ విడిగా వంచుకోవాలండీ. ఆలస్యమవుతుంది."

"కానివ్వండి. నాకంటే ఆలస్యమేం కాదులెండి."

గిటారు తిరిగి వచ్చాక చెల్లెలి కూతురు దాన్ని అందుకోబోతే, "ఉండవే, ఒక్క నిమిషం," అని పెద్దమ్మ ఒళ్ళో పెట్టుకుంది. అలవాటు కొద్దీ చెయ్యి తల దగ్గరికే పోయింది. అక్కణ్ణుంచి మెడ పొడుగునా జారుతూ పొట్ట దగ్గరికి వచ్చింది. ఎన్నడూ వెళ్ళని చోటు. వేలి కింద పలక చదునుగా, నునుపుగా తగిలింది. సన్నటి తీగను నొక్కి, మీటి, పక్కకు లాగింది. తీగ సాగింది, ఏడ్చింది, ఎంత లాగినా ఏడుస్తూనే ఉంది.

"ఆగట్లేదే, చెల్లీ," అంది పెద్దమ్మ.