నా నెత్తిన పడ్డ నెల

పక్క ఫ్లాటులో ఎవరైనా ఇంగువ పోపు పెడితే మిగతా వాళ్లకు ఆకలి వేస్తుందేమో గాని, నాకు మాత్రం చిన్నప్పుడు నా మీద పడ్డ ఒక నింద గుర్తొస్తుంది. ముప్పై ఏళ్లకు పైగా మోస్తున్నాను. దించమని అడిగీ అడిగీ అలసిపోయాను.

తొంభైల మొదట్లో మేము చిక్కడపల్లిలో ఉండేవాళ్లం. ముందు గదుల్లో అమ్మా నాన్నా నేనూ, పక్క గదిలో చిన్నాన్న, చిన్నమ్మ, అందరి మీదా బాపమ్మ, అంటే మా నాన్న తల్లి. శ్రావణం వచ్చిందంటే వాకిట్లో తడిసిన షాబాదు బండల వాసన, గడపల పసుపు వాసన, బూరెలు వేగే నూనె వాసన కలిసిపోయి ఇల్లంతా నిండేవి. తెల్లారుజామున నల్లా వస్తే బిందెల చప్పుడు, మధ్యాహ్నం చింతగింజలతో మా అష్టాచెమ్మా, దవడన వక్కపలుకు పెట్టుకుని, వేళ్ల కణుపుల మీద ఏదో ఒక లెక్క కడుతూ కూర్చున్న బాపమ్మ.

ఆ ఇంట్లో ఆడవాళ్లకు నెలసరి వస్తే వెనక వరండా మూలన ఒక చాప, ఒక కంచం, ఒక గ్లాసు. మూడు రోజులు అక్కడే, వంటింటి గడప తొక్కకూడదు. అందువల్ల ఎవరు ఎప్పుడు బయట కూర్చున్నారో, ఎవరు కూర్చోలేదో ఇంటిల్లిపాదికీ తెలిసేది. చిన్నమ్మ కూర్చోవలసిన రోజుల్లో చాప ఖాళీగా ఉంటే చాలు, బాపమ్మ కళ్లు ఆమె పొట్ట మీదికి పోయేవి. అంతకు రెండేళ్ల ముందు అలాగే చాప ఖాళీగా ఉండిపోతే, డాక్టరమ్మ దగ్గరికి పోకముందే బాపమ్మ గల్లీ అంతా చెప్పి చక్కెర పంచింది. కొన్ని వారాలకు అదేం లేదని తేలింది. చాటింది తనే అయినా "నా మొహం చిన్నగ చేసినవ్" అని చిన్నమ్మను తిట్టింది. నల్లా దగ్గర ఆడవాళ్లు "ఏందమ్మా, మనుమడు ఎక్కడిదాక వచ్చిండు?" అని నవ్వితే, చిన్నమ్మ సగం నిండిన బిందెతోనే లోపలికి వచ్చేసేది.

నాకు తొమ్మిదేళ్లు వచ్చిన శ్రావణంలో ఆమె తీరు మారడం అందరికంటే ముందు చూసింది నేనే. ఈ మాట ఎవరూ ఒప్పుకోలేదు, అది వేరే సంగతి. ప్రాణం పెట్టే చాయ్ ముందుకొస్తే మొహం తిప్పుకునేది. పోపు గరిటె చప్పుడవగానే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. బియ్యం ఏరుతూ ఏరుతూ చాటలోకే తూగేది. పొద్దున్నే బాత్రూంలోకి పోయి నల్లా విప్పి, ఆ నీళ్ల చప్పుడు చాటున వాంతి చేసుకునేది.

సరిగ్గా వ్రతం శుక్రవారం ముందురోజు ఆమె చాప పరుచుకుని బయట కూర్చుంది. "పండుగ పూటనే కావాల్నా నీకు?" అని బాపమ్మ సణిగింది. నేను అన్నం తీసుకెళ్లాను. ప్రతిసారీ కడుపు పట్టుకుని ముడుచుకు పడుకునే మనిషి, ఆ రోజు గోడకు ఆనుకుని వారపత్రిక చదువుతూ ఊరగాయ నిమ్మతొక్క చప్పరిస్తున్నది.

"నీకు కడుపు నొస్తలేదా?" అన్నాను.

గబుక్కున నా నోరు మూసింది. "మెల్లగ మాట్లాడే! నాకేం కాలే, ఊకెనే కూసున్న. కూసోకుంటే మీ బాపమ్మ మళ్ళ చక్కెర పంచుతది. నిజమో కాదో తెలిసేదాక నోరిప్పకు, నా బంగారం కదా."

ఆ మూడు రోజులూ పోపు వాసన లేదు, నూనె పొగ లేదు. ఎప్పుడు చూసినా నిద్రపోతూ కనిపించింది.

తర్వాతి వారం, చీరకు ఫాల్ కుట్టించాలని చెప్పి నన్ను వెంటబెట్టుకుని నారాయణగూడలో ఒక ల్యాబుకు పోయింది. కడిగి ఆరబెట్టిన దగ్గు మందు సీసాలో పొద్దుటి మూత్రం, దానికి పేపరు చుట్టి వైరు బుట్టలో అడుగున పెట్టింది. బుట్ట మోసింది నేను. సాయంత్రం మళ్లీ పోతే కౌంటరు దగ్గరున్న ఆవిడ "పాజిటివ్ వచ్చిందమ్మా, మిఠాయేది?" అంది. చిన్నమ్మ ఆ ల్యాబు మెట్ల మీదే కూర్చుని కొంగులో మొహం దాచుకుని ఏడ్చింది. నాకు ఒక గోలీసోడా అయినా ఇప్పించలేదు. అదీ గుర్తుంది.

మరుసటి నెల అశోక్‌నగర్ డాక్టరమ్మ పరీక్ష చేసి గట్టిగా చెప్పాకే చిన్నమ్మ ఇంట్లో నోరు విప్పింది. బాపమ్మ "నేను మొహం చూసే కనుక్కున్న" అంటూ ఊరేగింది. డాక్టరమ్మ రాసిచ్చిన తేదీని ఆమె లెక్కలోకి తీసుకోలేదు. శ్రావణ శుక్రవారం కోడలు బయట కూర్చోవడం తన కళ్లతో చూసింది కనుక, అక్కణ్నుంచే కణుపుల మీద నెలలు లెక్కపెట్టింది. తొమ్మిదో నెలలో గాజులు తొడిగించాలని ఎర్రవీ పచ్చవీ తెప్పించి పెట్టింది.

ఎండాకాలం వచ్చింది. ఒక పొద్దున డాబా మీద ఆరబెట్టిన వడియాల మీదికి కోతులు వస్తే, "చిన్నమ్మా, కోతులు!" అని కేకేశాను. నిండు మనిషి ఆయాసపడుతూ మెట్లెక్కింది. సాయంత్రానికి నొప్పులు మొదలయ్యాయి, తెల్లారేసరికి వాసు పుట్టాడు.

"దీని కేకకు ఉరికింది. నెల తక్కువ పిల్లగాడు పుట్టిండు. గాజుల ముచ్చట గూడ లేకపాయె!" అని బాపమ్మ ఆసుపత్రి వరండాలోనే మొదలుపెట్టింది. అమ్మ నా వీపు మీద ఒకటి వేసింది. పిల్లాడు బొద్దుగా ఉన్నాడని నర్సు అంటే, అది తను పోసిన నెయ్యి బలమంది బాపమ్మ. నేను చిన్నమ్మ వైపు చూశాను. ఆమె పిల్లాడి వైపు చూసుకుంది.

ఆ తర్వాత వాడికి జలుబు చేసినా, లెక్కల్లో తప్పినా, పొట్టిగా మిగిలినా నా కేకే కారణం. వాడి పెళ్లిలో కొత్తకోడలికి నన్ను పరిచయం చేసింది కూడా ఆ కథతోనే.

పోయిన నెల వాసు భార్య, పొయ్యి మీద పాలు పొంగేలోపు బాత్రూంలోంచి రెండు గీతలు తేలిన చిన్న పట్టీ పట్టుకుని వచ్చింది. అంతే, అయిపోయింది. అందరూ చప్పట్లు కొడుతుంటే వాసు "ఈసారి అక్కను డాబా ఎక్కనియ్యకుండ్రి!" అన్నాడు. ఇల్లంతా నవ్వింది. చిన్నమ్మ కూడా.

నేను ఆమె వెనకే వంటింట్లోకి పోయాను. "ఇప్పుడన్న చెప్పు చిన్నమ్మా. బాపమ్మ పోయి ఎన్నేండ్లాయె."

"పోయినామెను మోసం చేసిన్నని ఇప్పుడు చెప్పుకోవాల్నా? నువ్వు పిల్లవు గనుక నాలుగు తిట్టి ఊకున్నరు. నన్నయితే ఊకుందురా?"

"ఇంక పిల్లనేనా? నా నెత్తి తెల్లబడ్డది."

"అంత బాధుంటే రాసుకో పో. మావోడు తెలుగు చదవడు" అని బీరకాయ చెక్కుతూ కూర్చుంది.

ఆ ఇంటి స్థలంలో ఇప్పుడు ఐదంతస్తుల అపార్ట్‌మెంటు. వెనక వరండా లేదు, చాప లేదు, నల్లా దగ్గర నవ్వే ఆడవాళ్లూ లేరు. ఎవరి నెలలు ఎవరికీ తెలియవు, మంచిదే. నా మీద నింద మాత్రం చెక్కుచెదరలేదు. అందుకే రాస్తున్నాను: వాసు నెలలు నిండే పుట్టాడు. చదివిన వాళ్లెవరైనా వాడికి చెప్పండి.