లాభంతో మొదలు

భీమవరంలో చేపలమేత కొట్టు పైఅంతస్తులో, రెండువేల అయిదు ప్రాంతాల్లో, శ్రీనివాసరాజుగారి సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఉండేది. అక్కడ ప్రోగ్రాములు దిద్దే పని రూతుది. ఎడిటర్లో ఒక కమాండు కొడితే 'లింట్' అనేది ప్రోగ్రామంతా గాలించి తప్పులు చూపించేది. రూతు రాసుకున్న ఇంకో కమాండు వాటిని సరిచేసి, అక్కర్లేని వరసలు తీసిపారేసేది. హాయిగా సాగిపోవలసిన పనే. సాగనిస్తేగా!

రాజుగారు ప్రతి ప్రోగ్రాం మొదట్లో 'లాభం అంటే ఒకటి' అని ఒక వరస పెట్టించేవారు. ధాన్యం కొలిచేవాళ్ళు తొలి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. అదీ ఆయన పట్టింపు. ఆ వరసతో ప్రోగ్రాంకి పనేమీ లేదు కాబట్టి లింట్ దాన్ని తప్పు పట్టేది. కమాండు తీసేసేది, ఆయన మళ్ళీ పెట్టించేవారు.

"లాభాన్నే తీసేస్తావేంటమ్మా? మనకి కలిసొస్తుందా?"

"నేను కాదండి, కమాండు తీసేస్తోందండి."

"అయితే దానికే చెప్పు!"

దానికేం చెబుతుంది, తలకాయ! అవతల గోదాము లెక్కల ప్రోగ్రాములు రాయించుకునే హైదరాబాదు కంపెనీవాళ్ళు, లింట్ ఒక్క తప్పు చూపినా ప్రోగ్రాం తిప్పి పంపేస్తున్నారు. ఈసారీ అలాగైతే ఇక పని ఇచ్చేది లేదన్నారు. పని పోతే ఆఫీసుకి తాళం, రూతు ఉద్యోగానికి నీళ్ళు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మెడలు లాగేస్తుంటే, ఎందుకొచ్చిన బతుకురా దేవుడా అనిపించింది ఆమెకి.

అంతలో కింద కొట్టు ముందు లారీ ఆగింది. మేతబస్తాలు దింపుతూ మేస్త్రి కేకేస్తున్నాడు. "లాభం... రెండు... మూడు..."

రూతు చేతులు ఆగిపోయాయి. చిన్నప్పుడు రోజూ విన్న పాటే అది. లాభం అని పక్కన పెట్టి ఊరుకోరు కదా, లెక్క మొదలయ్యేదే దానితో! ప్రోగ్రాంలో బస్తాల లెక్క మొదలయ్యే చోట ఒకటి చెరిపేసి, లాభం అని కొట్టింది. మొదట్లో పెట్టిన వరసకి ఇప్పుడు పని దొరికింది. లింట్ నడిపింది. అది కిక్కురుమనలేదు. తప్పు లేకపోతే అది నోరు విప్పదు.

"భలే! ఎవరు చెప్పారమ్మా నీకీ ఉపాయం?" అన్నారు రాజుగారు వచ్చి స్క్రీను చూసి.

"మా నాన్న దగ్గర విన్నదేనండి. యెహెజ్కేలండి ఆయన పేరు. మీ కళ్ళంలో ధాన్యం కొలిచేవారు."

రాజుగారు స్క్రీను మీది లాభం అన్న మాటని వేలితో తాకారు. "ఏనాడూ కొలత తప్పలేదమ్మా ఆయన."

రూతుకి ఏడుపు ముంచుకొచ్చింది.

"ఆ మాట ఆయన బతికుండగా అని ఉండాల్సిందండి," అంది. కళ్ళు తుడుచుకుని తర్వాతి ఫైలు తెరిచింది.