నీటికాసులకు ముదరడం లేదు

కార్తీకం రెండో సోమవారం సాయంత్రం పలాస స్టేషన్ వంతెన మీద నడుస్తుంటే ప్రతి దీపం చుట్టూ రంగుల వలయం కనిపించింది. మంచేమో అనుకుని కళ్లద్దాలు తుడిచాను. వలయాలు పోలేదు. ఎడమ కనుబొమ పైన నొప్పి, వికారం. ఇంటికొచ్చి పడుకుంటే తెల్లారేసరికి సర్దుకుంది. ఆ వారంలోనే మళ్లీ రెండుసార్లు వచ్చింది.

నేను లెక్కల టీచరుగా రిటైరయ్యాను. పెళ్లి చేసుకోలేదు. రెండు గదుల అద్దె వాటాలో ఒక్కదాన్నే ఉంటాను. నొప్పి వచ్చిన తేదీలు రాసుకుని టెక్కలిలో కంటి డాక్టరు దగ్గరకు వెళ్లాను.

ఆయన కంటి ప్రెషర్ చూశారు, అద్దం పెట్టి కంటి లోపల చూశారు.

"రెండు సంగతులున్నాయమ్మా. శుక్లం మొదలైంది. దాని ఆపరేషన్‌కు ఆగొచ్చు. రెండోది గ్లకోమా, నీటికాసులు. కంట్లో నీరు పోయే దారి ఇరుకైంది. లేజర్‌తో చిన్న రంధ్రం చెయ్యాలి. అది ఆగకూడదు."

బయట నర్సు అడిగింది. "వెంట ఎవరొస్తారు? తోడు లేకుండా చెయ్యం."

అన్నయ్య పోయాడు. తోటి టీచర్లలో మిగిలినవాళ్లకే ఒకరు చేయి పట్టుకోవాలి. కబురు చేస్తానని చెప్పి బస్సెక్కాను.

పక్క వాటాలో ఉండే పార్వతి జీడి ఫ్యాక్టరీలో పప్పుకు పొట్టు తీస్తుంది. డాక్టరు ఏమన్నాడని అడిగితే కంట్లో పొర వచ్చిందన్నాను. తోడు సంగతి చెప్పలేదు.

"అయితే ముదరనీయండి టీచరమ్మా. ఆరకుండా పొట్టు తీత్తే పప్పు ఇరిగిపోద్ది కదేటి. కన్నూ అంతే."

ఆ మాట నాకు కలిసొచ్చింది. డాక్టరు 'ఆగొచ్చు' అన్నదీ, పార్వతి 'ముదరనీయండి' అన్నదీ కలుపుకున్నాను. 'ఆగకూడదు' అన్నది వదిలేశాను. పిల్లలు కూడికలో అలా ఒక అంకె వదిలేస్తే ఊరుకునేదాన్ని కాదు.

మాఘంలో ఒక మధ్యాహ్నం ఎడమ కన్ను రాయిలా బిగిసింది. వాంతులు. చూపంతా పొగ. ఆదివారం కాబట్టి పార్వతి ఇంట్లో ఉంది. గోడ తట్టాను.

"ఏటయ్యింది? కన్ను నిప్పులాగున్నాదేటి?" అంటూనే ఆటో పిలిచింది.

టెక్కలిలో సెలైన్‌లా మందెక్కించి కంటి ప్రెషర్ దించారు. మర్నాడు లేజర్. గడ్డం మిషన్ మీద ఆనించి కూర్చోవడమే. చిన్న సూది గుచ్చినట్టుంది, అంతే. ఇన్నాళ్లు భయపడింది దీనికి కాదు, తోడెవరన్న ప్రశ్నకు. ముందుజాగ్రత్తగా కుడి కంటికి కూడా వారం తిరక్కుండా చేశారు.

"పోయిన చూపు తేలేనమ్మా. ఉన్నది కాపాడదాం" అన్నారు డాక్టరు.

నర్సు కాగితం పట్టుకుని పార్వతిని అడిగింది. "మొదటిసారి తోడు లేదని వెళ్లిపోయారు. పేషెంటుకి మీరేమవుతారు?"

"ఏటీ అవను. గోడకి ఇవతలిదాన్ని. సాలదేటి?"

నర్సు నవ్వి రాసుకుంది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో పార్వతి నా వైపు తిరిగింది.

"తోడుకి రమ్మని ఒక్కమాట సెప్పుంటే రాకపోదునా?"

"నీ పని పోతుందని..."

"బాగుంది. నా పొట్టు కోసం మీ కన్ను పోగొట్టుకున్నారన్నమాట."

ఇప్పుడు పొద్దున్నా రాత్రీ చుక్కలు వేసుకుంటున్నాను. ఎడమ పక్క చూపు కొంత పోయింది. ఆ వైపు పెట్టిన గిన్నెను తల తిప్పి వెతుక్కోవాలి. పార్వతి పనికి వెళ్లాక సాయంత్రం దాకా ఇంట్లో మాట వినబడదు. వచ్చాక మాత్రం, గుమ్మం ఎడమ పక్కనే ఉన్నా, మంచం చుట్టూ తిరిగి నా కుడి పక్కకు వచ్చి పిలుస్తుంది.

శుక్లం ఆగుతుందేమో గానీ నీటికాసులు ఆగవు. వెంట ఎవరొస్తారని ఆసుపత్రిలో అడిగితే, ఎవరూ లేరనుకుని నాలాగ బస్సెక్కేయకండి. ముందు పక్క గోడ తట్టండి.