ఆగి ఆగి నడిచిన యలమందయ్య

పెదకాకాని దగ్గర మిరప పండించే యలమందయ్యకు పంతొమ్మిది వందల ఎనభై అయిదులో ఒకరోజు గట్టు మీద నడుస్తుండగా పిక్క పట్టేసింది. నిలబడితే వదిలింది. కాస్త నడిస్తే మళ్ళీ పట్టేసింది. ఎవరైనా చూస్తారేమోనని వంగి, మిరపాకు తిప్పి చూస్తున్నట్టు నటించాడు.

ఆ ఏడాదంతా అదే నటన. "ఆకాకూ చూసుకుంటాడు, అందుకే ఆయన చేనికి అంత కాపు" అని పక్క రైతులు మెచ్చుకుంటుంటే తలెత్తలేకపోయేవాడు. ఆ నొప్పి గురించి అతను ముందే విని ఉన్నాడు. అతని దగ్గర పనిచేసిన ఏసోబు నీళ్ళ కావడి మోస్తూ అచ్చం ఇలాగే ఆగేవాడు.

"పిక్కలు పట్టేస్తన్నాయండయ్యా."

"పని చూస్తే పట్టేస్తాయి. కల్లు పాకకి పోయేటప్పుడు పట్టెయ్యవేంరా?" అన్నాడు యలమందయ్య. కూలీలంతా నవ్వారు. ఆనాటి నుంచి ఏసోబు ఆగకుండా పళ్ళబిగువున నడిచాడు. కొన్నాళ్ళకు అతని కాలి వేళ్ళు నల్లబడ్డాయి, పుండు పాకింది, మోకాలి కింద కాలు తీసేశారు.

ఇప్పుడు యలమందయ్య వేలు నల్లబడింది. భార్య హనుమాయమ్మ పట్టుబట్టి గుంటూరు ఆసుపత్రికి తీసుకెళితే, వాళ్ళు మద్రాసు పంపారు. అక్కడి తెలుగు డాక్టరు రక్తనాళాల్లోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీశాడు.

"గజ్జలో నాళం పూడింది, తొడలోదీ పూడింది. ఒక్క ఆపరేషన్ చాలదు. పైన కోసి పూడిక తీస్తాం. కింద మీ కాలిలోదే ఇంకో నాళం తీసి, పక్కనుంచి కొత్త దారి వేస్తాం. రెండూ ఒకేసారి. చుట్ట మాత్రం ఇక ముట్టకూడదు."

"నొప్పి మొదలైనప్పుడే వచ్చుంటే?"

"చుట్ట మానేసి, నొప్పి వచ్చినప్పుడు ఆగి, తగ్గాక మళ్ళీ నడిస్తే చాలామందికి కోతే అక్కర్లేదు."

యలమందయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అతని కాలు దక్కింది, వేలొక్కటే పోయింది. నడవగలిగాక ఏసోబు ఇంటికి వెళ్ళాడు. ఏసోబు వాకిట్లో కూర్చుని మంచానికి నులక అల్లుతున్నాడు.

"మీకూ వచ్చిందంటగా. కూచోండయ్యా."

యలమందయ్య కూర్చోలేదు. "ఆరోజు నిన్ను అందరి ముందూ..."

"గుర్తుందండి. నవ్వినోళ్ళలో నా పెళ్ళాం ఎలీసమ్మ కూడా ఉంది. ఇంటికొచ్చి ఏడ్చింది."

యలమందయ్య అతని మిగిలిన కాలివైపు చూశాడు. "రెండో కాలు ఎట్టా ఉందిరా?" అన్నాడు.

ఏసోబు నులక లాగి ముడేశాడు. "పట్టేస్తా ఉందండి. ఎవురికీ చెప్పలా."

ఆ వారమే ఇద్దరూ మద్రాసు రైలెక్కారు. స్టేషన్లో కర్రల మీద నడుస్తూ ఏసోబు ఆగినప్పుడల్లా యలమందయ్యా ఆగాడు. వెనక జనం విసుక్కుంటున్నా కదల్లేదు. క్షమించమన్న మాట మాత్రం అప్పుడూ బయటికి రాలేదు.

ఏసోబుకు గజ్జలో పూడిక తీస్తే సరిపోయింది, ఆ కాలు నిలబడింది. తిరిగొచ్చాక అతను కుర్చీలకీ మంచాలకీ అల్లకం పని చేసుకుని బతికాడు. యలమందయ్య ఇంట్లోనూ తెగిన మంచాలున్నాయి. ఆ ఒక్క మాట చెప్పకుండా అతన్ని పిలవడానికి మాత్రం యలమందయ్యకు మొహం చెల్లలేదు.