నాన్న నేర్పిన ఆటమాటలు

చనిపోయిన రోజు పొద్దున కూడా నాన్న, రెండు కొనలున్న ఆ బంతికి గాలి కొట్టి, వేలితో నొక్కి చూసి, చాలదని మళ్ళీ కొట్టాడు. ఆయన పేరు సంజీవి. కోయంబత్తూరులో ఒక యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు సామాన్లు చూసుకునేవాడు.

జట్టు పుట్టిన ఏడాది, మైదానంలో అరిచే మాటలు ఎదుటివాళ్ళకు అర్థం కాకూడదని ఆయనే పిల్లలకు మా ఇంటి తెలుగు నేర్పాడు. "ఎడమకు పో", "లోపలికి దూరు". మేముండే సింగానల్లూరులో మావాళ్ళు గడప దాటితే అరవమే మాట్లాడతారు. అందుకే ఈ భాష బయట ఎవరికీ రాదని ఆయన నమ్మకం. జట్టు మూడేళ్ళు గెలిచింది.

మదురైలో ఫైనల్ నాడు మాత్రం, మనవాళ్ళు ఎటు పోయినా ఎదుటివాళ్ళు ముందే అక్కడ నిలబడ్డారు. ఓడిపోయాక నాన్న కెప్టెన్ గణేశన్‌ని బస్సు దగ్గర నిలదీశాడు.

"చెప్పేసింది నువ్వేనా రా?"

"అయ్యో, మీ ఆన, కాదన్నా."

"మరి వాళ్ళకెట్ట తెలిసె? కాకి చెప్పిందా?"

కొడుకులా చూసుకున్న గణేశన్‌తో నాన్న ఆ తర్వాత ఎనిమిదేళ్ళు మాట్లాడలేదు. కానీ స్థిమితం లేదు. తినేది ఆపి, గేటు దాకా నడిచి తిరిగొచ్చి, "వాడే అంటావా అమ్మా?" అని నన్ను అడిగేవాడు.

నాన్న పోయాక జట్టు చరిత్ర రాయమని నన్ను అడిగారు. ఆనాటి మదురై కెప్టెన్ మణిమారన్‌కి ఫోన్ చేశాను. అరవంలో చక్కగా మాట్లాడుతూనే ఆయన పక్కకు తిరిగి కూతురిని కసిరాడు.

"ఎడమ చెప్పు కుడికాలికి వేసినావు, చూడు పాపా."

మా ఇంటి తెలుగులోనే.